కాగ్నా ఒడ్డున ఆగిన మంద

పశువుల దవాఖానలో కొత్తగా చేరేవాళ్లకు మందుల పేర్లు, మోతాదులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను డాక్టర్ని కాను, స్టాక్‌మన్‌ని. మందు కలపడం, గొడ్డును పట్టుకోవడం, ఊళ్లు తిరిగి రాసుకురావడం నా పని. జనం మాత్రం డాక్టరుకీ నాకూ తేడా లేకుండా అందరినీ సలోత్రి, అంటే పశువుల వైద్యుడు, అనే పిలిచేవాళ్లు.

ఆ ఉద్యోగంలో రోజూ ఎదురైన ఒక సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు. మమ్మల్ని చూస్తే జనానికి అనుమానం. జనాన్ని చూస్తే మాకు అనుమానం. మధ్యలో నోరులేని జీవాలు నిలబడి ఉండేవి. కొత్తవాళ్లు తెలుసుకోవాలని అది రాస్తున్నాను. ఇందులో నా తప్పే పెద్దది కాబట్టి ఇన్నేళ్లు రాయకుండా వాయిదా వేశాను.

లెక్క అడిగితే

1948లో పోలీసు చర్య జరిగి ఎక్కువ కాలం కాకముందే నేను వికారాబాద్‌లో చేరాను. ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరు, భుజాన తోలు సంచి. ఆ వేషంలో అనంతగిరి కొండల కింది పల్లెలకు వెళితే నిమిషాల్లో వాకిళ్లు ఖాళీ అయ్యేవి. ఒక ఇంట్లో లేగదూడను మంచం కింద పడుకోబెట్టి, మంచం మీది దుప్పటి కిందిదాకా వేలాడదీసి, ఒక పెద్దాయన జ్వరం వచ్చినట్టు మూలుగుతూ పడుకున్నాడు. నేను గడపలో నిలబడి, "ఎన్ని గొడ్లున్నాయి?" అని అడిగాను. "ఒక్కటి గూడ లేదు" అన్నాడు. మంచం కింద దూడ అంబా అన్నది. పెద్దాయన గబగబా దగ్గాడు.

నాకు నవ్వు ఆగలేదు. మా డాక్టరు హబీబ్ సాబ్ నవ్వలేదు. ఆయన నిజాం కాలం నుంచీ ఆ కొండల్లో తిరిగిన మనిషి. అరుగు మీద కూర్చుని తాగడానికి నీళ్లడిగాడు. నీళ్లు తాగి, వానల సంగతి, మేత సంగతి మాట్లాడి, దూడ మాట ఎత్తకుండానే లేచాడు. బయటికి వచ్చాక నన్ను పట్టుకున్నాడు.

"అరే మియా, కాలు పెట్టంగనే ఎన్ని ఉన్నయ్ అని అడిగినవ్. మొన్నటిదాంక తుపాకులోళ్లు వచ్చి గిట్లనే అడిగిండ్రు. లెక్క జెప్పినోళ్ల మేకలు మర్నాడే తోల్కపోయిండ్రు. నువ్వు గసుంటోనివి కాదని వాళ్లకెట్ల ఎరుక? పహెలే పానీ మాంగో, గిన్తీ బాద్ మే."

ముందు నీళ్లడుగు, లెక్క తర్వాత అడుగు అని. వారం తర్వాత మళ్లీ వెళితే పెద్దాయనే దూడను బయటికి తెచ్చి చూపించాడు. హబీబ్ సాబ్‌లో లోపాలు లేకపోలేదు. దవాఖానకు పొద్దెక్కితే గాని వచ్చేవాడు కాదు, కోపం వస్తే పదిమందిలో తిట్టేవాడు. కానీ భయపడ్డ మనిషి చెప్పే అబద్ధాన్ని నేరంగా చూడకూడదని నాకు మొదట చెప్పింది ఆయనే. విన్నాను. నేర్చుకోవడానికి మరో పదేళ్లు పట్టింది.

పడమటి నీళ్లు

వికారాబాద్ దగ్గర కొండల మీద పడ్డ వాన రెండుగా చీలుతుంది. తూర్పుకు జారింది మూసీ అవుతుంది. పడమటికి జారింది కాగ్నా అయి, తాండూరు పక్కగా పోయి, భీమలో కలుస్తుంది. తాండూరుకు బదిలీ అయ్యాక నా తిరుగుడంతా ఆ పడమటి నీళ్ల వెంటే. రైలు ధారూర్, రుక్మాపూర్ దాటుతుంటే కిటికీలో ఎర్రమట్టి పోయి నల్లరేగడి వస్తుంది. తాండూరు దగ్గరపడితే ఆ రేగడి కింద పలకలు పలకలుగా లేచే బండ. ఇంటి గోడ అదే, కప్పు అదే, పొలం చుట్టూ నిలబెట్టిన కంచె అదే, గొడ్లు నీళ్లు తాగే తొట్టి అదే. కంది కోశాక కనుచూపు మేర మోళ్లు తప్ప మరేమీ ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద గాలి వణుకుతున్నట్టు కనిపిస్తుంది.

అక్కడి ఇళ్లలో అత్త కన్నడం మాట్లాడితే కోడలు తెలుగు మాట్లాడేది. బజారుకు వచ్చి ఇద్దరూ దక్కనీ ఉర్దూలో బేరమాడేవాళ్లు. మనం పుంటికూర అనే గోంగూర కాగ్నా అవతల పుండిపల్లె అవుతుంది. పేరు ఏదైనా తినేది జొన్నరొట్టెతోనే. గొర్రెలు కాసే కురుమల దేవుడు బీరప్ప ఇటూ ఆయనే, అటూ ఆయనే. ఇటు ఒగ్గుడోలు, అటు డొళ్లు. మొదట్లో నేను ఆ రెండు డప్పుల తేడా కూడా పట్టలేకపోయేవాణ్ణి.

1956లో రాష్ట్రాలను భాషల ప్రకారం పంచారు. అంతదాకా గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు, కొడంగల్ ఇటు వచ్చాయి. పక్కనున్న సేడం మైసూరు రాష్ట్రంలోకి పోయింది. నేల మీద ఏ గీతా కనిపించలేదు, కానీ మాటల్లో కనిపించసాగింది. పెళ్లికి పిలిచిన చుట్టాలే "అవతలోళ్లు" అయ్యారు. మేక తప్పిపోతే అవతలోళ్లు, కంచె బండ విరిగితే అవతలోళ్లు. నేను పనిమీద కాగ్నా దాటితే అక్కడ నేనే అవతలోణ్ణి. నన్ను చూసి దుకాణంలో మాట్లాడుకుంటున్నవాళ్లు మాట ఆపేసేవాళ్లు.

ఒక్క మందల రాకపోకలు మాత్రం ఆగలేదు. ప్రతి ఎండాకాలం పడమటి నుంచి కురుమలు గొర్రెల మందలతో తాండూరు వైపు వచ్చేవాళ్లు. కోసిన చేలల్లో మంద నిలిపితే ఆ ఎరువుకు మరుసటి పంట బాగుంటుందని రైతులు ఎదురెళ్లి పిలిచి, తిండిగింజలు పెట్టేవాళ్లు. అలా ఏటా వచ్చేవాళ్లలో నింగప్ప ఒకడు. నలభై ఏళ్లుంటాయి. పెద్దగా మాట్లాడడు. భార్య భీమవ్వ, నూటికి పైగా గొర్రెలు, ఒక కుక్క. అదే వాళ్ల సంసారం.

మందు పోసే గొట్టం

రాష్ట్రం మారిన కొన్నాళ్లకు తాండూరుకు రంగారావు గారని కొత్త డాక్టరు వచ్చాడు. చదువుకున్నవాడు, చేయి చాపని మనిషి. అయితే ఫారంలో ఖాళీ గడి కనిపిస్తే ఆయనకు అన్నం సహించేది కాదు. వానలకు ముందు గొర్రెలన్నిటికీ కడుపులో పురుగులకు మందు పోయాలని ఆదేశం వచ్చింది. ఆ పని నాకు అప్పగించాడు.

మైలుతుత్తం కలిపిన నీళ్లు, జానెడు వెదురు గొట్టం. గొర్రె మూతి పైకెత్తి, నోటి పక్కనుంచి గొట్టం పెట్టి, కొలిచిన మందు పోయాలి. గొర్రె మింగుతుంది, దగ్గుతుంది, గొట్టానికి నురగ అంటుతుంది. ఆ గొట్టమే తర్వాతి గొర్రె నోట్లో. రోజుకు రెండు మూడు వందల గొర్రెలు. నా చేతి వేగం చూసి నేనే గర్వపడేవాణ్ణి. ధారూర్‌లో మొదలుపెట్టి, రైలు దిగుతూ ఎక్కుతూ, తాండూరు చుట్టుపక్కల దాకా వచ్చాను.

తాండూరుకు దగ్గరలో బండల గనుల పక్కన ఒక చిన్న పల్లె. అక్కడ చంద్రమ్మ అనే ఆమె మందను సాకేది. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త సాయన్న గనిలో బండలు కొట్టే పని చేసేవాడు. నన్ను చూడగానే కొంగు నడుముకు దోపి దొడ్డి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఇవేనా నీ గొర్రెలు?" అన్నాను. ముప్పై దాకా ఉన్నాయి.

"గివ్వే సారూ."

కింద పెంటికలు చూస్తే ముప్పై గొర్రెలవిలా లేవు. "ఈ దొడ్డి చూస్తే ఇంకా చాలా ఉండాలే?"

"మా గొర్లు జర ఎక్కువ తింటయ్ సారూ" అన్నది, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

అబద్ధమని తెలుసు. అయినా వాదించలేదు. ముప్పై అని రాసుకుని, ముప్పైకి మందు పోసి, మరో ఊరికి పోయాను. రాసుకున్నది చూస్తే నా పని పూర్తయినట్టే ఉంది.

మచ్చలు

పది రోజులు తిరగకముందే కబురు వచ్చింది: గొర్రెలకు తల్లి పోసింది. గొర్రె మశూచిని ఆ వైపు అలాగే అంటారు. కనురెప్పలు వాచి, ముక్కు కారి, చంకల్లో, తోక కింద, ఉన్ని లేనిచోటల్లా పొక్కులు లేచాయి. పిల్లలు ముందు చచ్చాయి. తాండూరు చుట్టూ మూడు ఊళ్లకు పాకింది. చంద్రమ్మ ముప్పైలో తొమ్మిది పోయాయి.

ఊళ్లలో ఒకటే మాట, ఎవరు తెచ్చారు? జవాబు కోసం ఎవరూ వెతకలేదు. గనుల పల్లె పటేల్ దవాఖానకే వచ్చి చెప్పాడు.

"సాబ్, గా అవతలోడు నింగప్ప మంద దిగినంకనే గద రోగమొచ్చింది. గాళ్ల దిక్కు ఏమున్నదో మనకేమెరుక?"

ఆ మాట నాకు నచ్చింది. సరళంగా ఉంది, తప్పు మా గడప ఇవతలికి రాలేదు. కొత్తవాళ్లకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఏ కారణమైనా వినగానే మనసుకు హాయిగా అనిపించిందంటే, దాన్ని రెండోసారి పరీక్షించండి. నేను పరీక్షించలేదు. ముందే నిర్ణయించుకుని నింగప్ప మంద దగ్గరికి వెళ్లాను.

మంద బాగానే ఉంది. ఒక్కదానికీ జ్వరం లేదు. వంచి చూడగా చూడగా మూడు పెద్ద గొర్రెల తోక కింద ఉన్ని లేని గుండ్రటి మచ్చలు దొరికాయి. దొంగ సొత్తు దొరికినంత సంతోషం కలిగింది నాకు.

"ఈ మచ్చలేమిటి?"

"అవి ఎప్పటివో సాబ్" అన్నాడు నింగప్ప. "మూడేండ్ల కింద మా దిక్కు తల్లి పోసింది. గప్పుడు బతికినయ్ ఇవి."

"మూడేళ్ల కిందనా, మూడు వారాల కిందనా?"

నింగప్ప నన్ను నిదానంగా చూశాడు. "మచ్చ చూసి చెప్పలేవా? నువ్వు సలోత్రివి గద?"

ఆ మాట నాకు తగిలింది. నిజానికి మచ్చ పాతదని వేలితో తడిమితే తెలిసిపోయేది. నేను తడమలేదు. పక్కనుంచి భీమవ్వ, "నావు సుళ్ళు హేళంగిల్రీ" అన్నది. మేం అబద్ధం చెప్పం అని. నేను తెలుగులోనే, "అందరూ అదే అంటారు" అన్నాను.

నా మాట మీద రంగారావు గారు ఫారం నింపాడు. రోగానికి మూలం అనే గడిలో "సరిహద్దు అవతలి మంద" అని రాశాడు. మందను వెంటనే కాగ్నా ఒడ్డుకు తరలించి, కదలకుండా నిలపాలని ఉత్తర్వు తెప్పించాడు. నింగప్ప నది దాటి ఇంటికి పోదామనుకుంటే, రోగం మంద అని విన్న అవతలి ఊళ్లవాళ్లు కట్టెలు పట్టుకుని ఎదురొచ్చారు. ఇటు రానివ్వరు, అటు పోనివ్వరు. ఎండాకాలం. నది మడుగుల్లో కాస్త నీళ్లున్నాయి గాని ఒడ్డంతా బండ, తుమ్మముళ్లు. మేత అనేదే లేదు.

అలా పన్నెండు రోజులు. ఒక పొద్దున ఊరివాళ్లు కొందరు రాళ్లు విసిరితే భీమవ్వ నుదురు చిట్లింది. మేత లేక గొర్రెలకు పాలు ఎండిపోయి పిల్లలు రాలిపోసాగాయి. చచ్చిన పిల్లలు ఒడ్డున వరసగా పడి ఉంటే, నేను గట్టు మీది నుంచే లెక్కపెట్టి, రోగంతో చచ్చాయని రాసుకున్నాను. దగ్గరికి వెళ్లి ఒక్కదాని కనురెప్ప కూడా ఎత్తి చూడలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు అదే. గొట్టం సంగతి అప్పటికి నాకు తెలియదు. చూడాల్సిన చోట చూడకపోవడం మాత్రం తెలిసి చేసిన పని.

చంద్రమ్మ మాట

పదకొండో రోజు పొద్దున చంద్రమ్మ దవాఖానకు వచ్చింది. బండ తొట్టి పక్కన నిలబడి, రంగారావు గారు లోపల లేడని చూసుకుని అప్పుడు మాట్లాడింది.

"సారూ, నేను అబద్ధం చెప్పిన. నాయి ముప్పై కాదు, డెబ్బై."

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"నలభై గొర్లను పాత గని గుంతల దాచిన, మా ఆయన కాడ. నువ్వు లెక్క రాస్కపోయినంక ఎవరొస్తరో అని భయమైంది. గా నలభైట్ల ఒక్కదానికి గూడ తల్లి పొయ్యలే."

"నీ అదృష్టం."

"అదృష్టం కాదు. గా గుంతల నీళ్లే నింగప్ప మంద తాగింది. ఎనిమిది దినాలు, నా గొర్లతోని మూతికి మూతి తాకంగ. గాయిన తెచ్చింటే ముందు గవ్విటికి రావాలె గద? రాలే. నువ్వు మందు పోసిన ముప్పైకే వచ్చింది."

నాకు ఒళ్లు మండింది. ఆ క్షణంలో నాకు తోచింది ఒకటే: వీళ్లిద్దరూ కురుమలు, ఒకరినొకరు కాపాడుకుంటున్నారు.

"నింగప్ప పంపించాడా నిన్ను? ఏమిస్తానన్నాడు?"

చంద్రమ్మ ముఖం ఎర్రబడింది. "గాయినకాడ ఏమున్నయ్ సారూ ఇయ్యనీకి? సచ్చిన పిల్లలున్నయ్. నేను అబద్ధం జెప్తె రాస్కున్నవ్. నిజం జెప్తె రాస్కుంటలేవు."

అని వెళ్లిపోయింది. పుస్తకం నా చేతిలోనే తెరిచి ఉంది. కాసేపు దాన్ని మూయలేకపోయాను.

మధ్యాహ్నం కాకముందే పాత గని దగ్గరికి వెళ్లాను. ఆమె అబద్ధాన్ని పట్టుకుందామనే వెళ్లాను, ఆ సంగతి దాచడం ఎందుకు? గుంత అడుగున పచ్చటి నీళ్లు, చుట్టూ మెట్లుమెట్లుగా కోసిన బండ. సాయన్న రాతిపొడి తుడుచుకుంటూ వచ్చి, ఒక్కో గొర్రెనూ పట్టి నా ముందు వంచాడు. నలభై గొర్రెలనూ చూశాను. రెప్పలు, చంకలు, తోక కింద. ఒక్క పొక్కు లేదు.

"నింగప్ప మంద నిజంగా ఇక్కడే తాగిందా?"

"తాగింది. మనిషి మంచోడు. మా గొర్లు దిగినంకనే తన గొర్లను దింపెటోడు."

ధారూర్ రైలు

దవాఖానకు తిరిగి వచ్చి నా డైరీ తీశాను. ఏ ఊళ్లో ఏ రోజు మందు పోశానో ఒక పక్క రాశాను. ఏ ఊళ్లో ఏ రోజు రోగం కనిపించిందో పక్కన రాశాను. ప్రతిచోటా ఎనిమిది నుంచి పది రోజుల తేడా. నేను పోని ఊళ్లో రోగం లేదు. నేను ధారూర్ నుంచి తాండూరుకు వచ్చాను. రోగం కనిపించిన ఊళ్లూ అదే వరసలో ఉన్నాయి.

ఇంకా నమ్మబుద్ధి కాలేదు. ధారూర్‌లో రోగం ఉన్నట్టు కబురేమీ లేదు కదా అని ఒక ఆశ. మర్నాడు తొలి రైలుకే వెళ్లాను. అక్కడ నేను మొదట మందు పోసిన మంద మల్లయ్య అనే ఆయనది. నన్ను చూసి కూర్చోమని గొంగడి పరిచాడు గాని కళ్లు కలపలేదు. ఈసారి నీళ్లడిగాను. తాగాక అడిగాను.

"మల్లయ్యా, నేను ఎవరినీ ఏమీ అనను. నేను మందు పోసిన రోజు నీ మందలో తల్లి ఉన్నదా?"

మల్లయ్య గొంగడి కొస సర్దాడు. "రొండిటికి ఉండె" అన్నాడు చివరికి.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలే. జెప్తె మందను పట్టుకపోతరేమోనని పరేషాన్ అయిన. తర్వాత పన్నెండు సచ్చినయ్. గవి గూడ ఎవ్వరికి చెప్పలే."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నా చేతిలోకి వచ్చిన మూడో గొర్రెకో నాలుగో గొర్రెకో రెప్పలు ఉబ్బి ఉన్నాయి, ముక్కు కారుతోంది. "జలుబా?" అన్నాను. "జలుబే" అన్నాడు. చీకటి పడేలోపు మంద అయిపోవాలని ఆ నోట్లోనే గొట్టం పెట్టాను. తర్వాత వందల నోళ్లలో పెట్టాను.

తిరుగు రైల్లో సంచిలోంచి గొట్టం తీసి చూశాను. లోపల ఎండిన తెల్లటి నురగ, వెంట్రుకలు. మూతి దగ్గర పంటిగాట్లలో పేరుకున్న మురికి. అన్ని రోజులు ఒక్కసారైనా దాన్ని మరిగిన నీళ్లలో వేయలేదు. రోగం పడమటి నుంచి రాలేదు. తూర్పు నుంచి వచ్చింది, రైల్లో, టికెట్ కొనుక్కుని కూర్చున్న నా సంచిలో వచ్చింది.

కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. ఈ సంగతి నాకు, చంద్రమ్మకు తప్ప ఎవరికీ తెలియదు, చంద్రమ్మ మాట ఎవరూ లెక్కచెయ్యరు అని కూడా అనిపించింది. రుక్మాపూర్ దాటేదాకా అదే ఆలోచన. విసిరితే ఏ గొర్రె మూతి దాన్ని తాకుతుందోనన్న భయం వల్లే ఆగాను గాని, మంచితనం వల్ల కాదు. తాండూరులో దిగి దవాఖాన వెనక దాన్ని కాల్చేశాను.

దిద్దిన కాగితం

రంగారావు గారు మొత్తం విని చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నీ మాట రాస్తే నీ ఉద్యోగం పోవచ్చు, నా పేరు కూడా పోతుంది. రోగం తగ్గుముఖం పట్టినందున మందను వదలమని రాస్తాను. పని జరుగుతుంది, ఎవరికీ నష్టం లేదు" అన్నాడు. ఉత్తర్వు ఆ గంటలోనే తెప్పించి నా చేతికిచ్చాడు. ఆయన పిరికివాడని నేననను. మంద బతకాలని ఆయనకూ ఉంది. ఎవరికీ నష్టం లేదన్నది మాత్రం నిజం కాదు.

నేను కాగ్నా ఒడ్డుకు వెళ్లేసరికి పటేలు, ఇంకో పదిహేను మంది అక్కడున్నారు. మందను వదులుతున్నారని ఎలాగో తెలిసి గొడవకు వచ్చారు. చంద్రమ్మ కూడా వచ్చింది. ఉత్తర్వు చదివి ఊరుకోవచ్చు. చదివాను. తర్వాత చెప్పాను.

"రోగం తెచ్చింది నింగప్ప కాదు. నేను. రోగమున్న గొర్రె నోట్లో పెట్టిన గొట్టం కడగకుండా మీ గొర్రెల నోట్లో పెట్టాను."

కొడతారనుకున్నాను. పటేలు నవ్వాడు. "మీరెందుకు తెస్తరు సాబ్? మీరు సర్కారోళ్లు. జాలిపడి నెత్తిమీద ఏస్కుంటున్నరు." వెనక నుంచి ఇంకొకడు, "గా అవతలోనికాడ ఏందో తిన్నట్టున్నడు" అన్నాడు. పన్నెండు రోజులు నా అబద్ధాన్ని కళ్లు మూసుకుని నమ్మినవాళ్లు నా నిజాన్ని నమ్మడానికి సిద్ధంగా లేరు.

చంద్రమ్మ ముందుకు వచ్చింది. "నా నలభై గొర్లు గుంతల ఉన్నయ్. రేపు పొద్దుగాల అందరు వచ్చి చూడుండ్రి. దాచిన గొర్లు బతికినయ్, చూపిన గొర్లు సచ్చినయ్. గింతకన్న ఏం కావాలె?" గొర్రెలున్నవాళ్లకు ఆ లెక్క అర్థమైంది. తమ దొడ్లలో కూడా దాచినవీ చూపినవీ ఉన్నాయి మరి. ఒక్కొక్కరే మెల్లగా వెనక్కి తిరిగారు. పటేలు మాత్రం చివరిదాకా నన్ను అనుమానంగానే చూశాడు.

నింగప్ప అంతసేపూ ఒక బండ మీద కూర్చుని విన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"నా పిల్లలు సచ్చినయ్ గద. ఏం రాసినవ్?"

"రోగం అని రాశాను."

"ఏం రోగం?"

"రోగం కాదు, ఆకలి" అన్నాను.

"గట్లనే రాయి."

పుస్తకం తీసి, బండ మీద పెట్టి, ఒక్కో వరసా కొట్టేసి "ఆకలి" అని రాశాను. అతనికి చదువు రాదు. ప్రతి వరసా పైకి చదివించుకున్నాడు. ఇరవై మూడు సార్లు చదివాను. నుదుటికి గుడ్డ కట్టుకున్న భీమవ్వ మడుగు పక్కన నిలబడి విన్నది. అయిపోయాక ఇద్దరూ మిగిలిన మందను నీళ్లలోకి దింపి అవతలి ఒడ్డుకు దాటారు. నేను క్షమించమని అడిగాను. వినపడనంత దూరం పోయాక అడిగాను.

నా దిద్దుబాటు పైకి వెళ్లింది. కొన్నాళ్లకు నాకొక మెమో వచ్చింది. అందులో గొట్టం మాట లేదు. అనుమతి లేకుండా రికార్డు దిద్దినందుకు మందలింపు ఉంది. రంగారావు గారు ఆ మెమో మీద ఏమీ అనలేదు గాని, దవాఖానకు ఒక పెద్ద గిన్నె, ఒక కిరసనాయిలు పొయ్యి తెప్పించి, మరిగించకుండా ఏ పనిముట్టూ గడప దాటకూడదని గోడ మీద రాయించాడు.

మరుసటి ఎండాకాలం పడమటి నుంచి ఒక్క మందా రాలేదు. తాండూరు రైతులు ఎడ్లబండ్లు కట్టుకుని పిలవడానికి వెళ్లారు. ఉత్తచేతులతో తిరిగి వచ్చారు. ఆ తర్వాతి ఏడూ అంతే.

అవతలి ఒడ్డు

మూడో ఏట రెండు రాష్ట్రాల పశువుల శాఖలు కలిసి సరిహద్దు ఊళ్లలో గొర్రె మశూచికి టీకాలు వేయించాయి. నన్ను కాగ్నా అవతలికి పంపారు. వద్దని అనలేకపోయాను. ఆ రోజు అక్కడ బీరప్ప జాతర. డొళ్లు మోగుతున్నాయి, మనుషుల ముఖాల మీద, గొర్రెల వీపుల మీద పసుపు. ఆ రంగుల్లో ఖాకీ వేసుకుని నేనొక్కణ్ణే నడుస్తుంటే జనం పక్కకు జరిగారు. నా కథ నాకంటే ముందే ఆ ఊరు చేరిందని అర్థమైంది.

నింగప్ప మంద దొడ్డి ముందు నిలబడి ఉన్నాడు. జుట్టు కాస్త నెరిసింది.

"సూది చూపియ్యి" అన్నాడు.

చూపించాను. మూడు రాళ్ల మీద గిన్నె పెట్టి నీళ్లు పోశాను. ఆ నీళ్లు కాదన్నాడు. భీమవ్వ తన కుండలోంచి నీళ్లు తెచ్చి పోసింది. ఆమె నుదుటి మీద మచ్చ అలాగే ఉంది. నీళ్లు తెర్లేదాకా ముగ్గురమూ గిన్నె చుట్టూ కూర్చున్నాం. సూదులు తీసి మొదటి గొర్రెకు ఒకటి వాడి, దాన్ని మళ్లీ గిన్నెలో వేసి, రెండోది తీశాను. ఒక గొర్రె, ఒక సూది. నింగప్ప గొర్రెను పట్టుకుంటున్నాడే గాని, నా చేతుల మీది నుంచి చూపు తిప్పడం లేదు. భీమవ్వ గిన్నె దగ్గర కాపలా కూర్చుంది. ఒకసారి తొందరలో సూది సరిగా మునగకముందే తీయబోతే, "ఇన్నూ ఆగిల్ల" అన్నది. ఇంకా కాలేదని. మళ్లీ ముంచాను.

పొద్దు నడినెత్తికి వచ్చింది. సగం మంద అయ్యింది. నా వీపు పట్టేసింది, ఉక్కపోత. ఇన్నిటికి ఇంత పద్ధతిగా చేశాను కదా, ఇంకనైనా అతని చూపు కాస్త సడలుతుందేమో అనుకున్నాను. ఉండబట్టలేక అడిగేశాను.

"ఇంకా నమ్మకం కుదరలేదా నింగప్పా?"

అతను చేతిలోని గొర్రెను రెండు మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకున్నాడు.

"నమ్మకమెందుకు సాబ్?" అన్నాడు. "చూస్తున్న గద. సాలదా?"

"చాలు" అన్నాను. గిన్నెలోంచి ఇంకో సూది తీశాను.